రోదసిలో మన గొంతు

ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించడం మనకి తెలుసు. పై వూళ్ళో వున్న బంధువుకి కబురు పెట్టడమూ తెలుసు. కాని ఎవరున్నారో, అసలున్నారో లేదో, వుంటే వాళ్ళకి చెవులున్నాయో లేవో తెలియని చోటికి "నమస్తే" అని కబురంపడం మాత్రం మనిషి చేసిన పనుల్లోకెల్లా విడ్డూరమైనది. ఆ విడ్డూరం 1977వ సంవత్సరంలో జరిగింది. అందులో తెలుగువాడి గొంతు కూడా ఒకటి వుంది. ఈ సంగతి మన కాలేజీలో చాలామందికి తెలిసే వుంటుంది. క్విజ్ పోటీల్లో అడిగే ప్రశ్నే ఇది. జవాబు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాక కూడా నన్ను వదలని ప్రశ్న ఇంకొకటుంది. అది మా వూరికి సంబంధించింది. మా వూరు పోలవరం.

ముందు ఆకాశం సంగతి చెప్పి, తరవాత వూరికి వస్తాను.

1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 అమెరికాలోని ఫ్లోరిడా తీరం నించి బయల్దేరాయి. గురుగ్రహాన్నీ, శనినీ దగ్గరగా చూసి ఫొటోలు పంపడం వాటి వుద్యోగం. ఆ వుద్యోగం అయిపోయాక అవి తిరిగి రావు. అటునించి అటే, సూర్యుడి ఇలాకా దాటి నక్షత్రాల మధ్యకి పోతాయి. ఎలాగూ పోతున్నాయి కదా, వుత్త చేతులతో పంపడం దేనికని ఒక్కో నౌకకి ఒక్కో గ్రామఫోను రికార్డు బిగించారు. రాగి పళ్ళెం, దానికి బంగారు పూత, అడ్డకొలత 12 అంగుళాలు. కార్ల్ సాగన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడూ, ఫ్రాంక్ డ్రేక్, ఆన్ డ్రూయన్, టిమొతీ ఫెర్రిస్, జాన్ లోంబర్గ్, లిండా సాల్జ్‌మన్ సాగన్ అనే మరి కొందరూ కలిసి అందులో ఏముండాలో నిర్ణయించారు.

మామూలు ఎల్.పి. రికార్డు నిమిషానికి ముప్ఫైమూడుంబావు చుట్ల పైచిలుకు తిరుగుతుంది. దీన్ని అందులో సగం వేగంతో తిరిగేటట్లు చేశారు. వేగం తగ్గితే అదే పళ్ళెం మీద ఎక్కువ సరుకు పడుతుంది. అలా తొంభై నిమిషాల సంగీతం, 55 భాషల్లో పలకరింపులు, పన్నెండు నిమిషాల భూలోకపు చప్పుళ్ళు, వందకు పైగా బొమ్మలు ఎక్కించారు. తాజ్‌మహల్ బొమ్మ కూడా వుంది. బొమ్మల్ని కూడా ధ్వనిగా మార్చే గాడిలో పెట్టారు. ముల్లూ పంపారు. ముల్లు ఎలా ఆనించాలో, పళ్ళేన్ని ఎంత వేగంతో తిప్పాలో మూత మీద గీతలతో చెక్కారు.

ఇక్కడొక తమాషా వుంది. మన నిమిషాలూ గంటలూ తెలియనివాడికి ఎంత వేగంతో తిప్పాలో చెప్పడం ఎలా? అందుకని హైడ్రోజన్ పరమాణువులో జరిగే ఒక మార్పు తాలూకు కాలాన్ని కొలతగా తీసుకున్నారు. అది క్షణంలో వందకోట్లవ వంతు కన్నా తక్కువ. హైడ్రోజన్ ఇక్కడా ఒకటే, అక్కడా ఒకటే. మన ఇల్లెక్కడో తెలియడానికి 14 పల్సార్ నక్షత్రాల ఆనవాళ్ళు గీశారు. బయల్దేరి ఎంతకాలమైందో తెలియడానికి మూత మీద రవ్వంత యురేనియం పూశారు. దాని సగం ఆయుష్షు దాదాపు 450 కోట్ల సంవత్సరాలు. ఎంత తరిగిందో చూస్తే ఎప్పుడు బయల్దేరిందో తేలుతుంది. కవరు మీద తపాలా ముద్ర లాంటిదన్నమాట. వెనకాముందూ చూసుకుని, ఎక్కణ్ణించి, ఎప్పుడు, ఎలా వినాలి అన్న మూడు సంగతులూ రాసి మరీ పంపిన ఆ జాగ్రత్తని మాత్రం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

పలకరింపుల్ని చాలామటుకు కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ ఆ చుట్టుపక్కలా వున్నవాళ్ళచేత చెప్పించారు. ఏం చెప్పాలో రాసివ్వలేదు. క్లుప్తంగా వుండాలి, వినేవాళ్ళు పై లోకం వాళ్ళని గుర్తుంచుకోవాలి, అంతే. తెలుగు వంతు వచ్చినప్పుడు ఒక తెలుగాయన నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అన్నాడు. కొద్ది క్షణాల మాట. హిందీ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, కన్నడం, ఒరియా, పంజాబీ, రాజస్థానీ, వుర్దూ కూడా వున్నాయి. తమిళం లేదు. మలయాళం లేదు. తమిళం కన్నా తెలుగు గొప్పదనీ కాదు, తమిళం చిన్నదనీ కాదు. నోరున్నవాడు మైకు ముందుకి వచ్చిన భాష ఎక్కింది, రానిది దిగబడిపోయింది. సుమేరియన్, అక్కేడియన్, హిట్టైట్ లాంటి భాషలు కూడా ఎక్కాయంటే ఇంకేం చెప్పను! మాట్లాడే మనిషి చచ్చిపోయి వేల ఏళ్ళయిన భాషలవి. చదవగలిగిన పండితుడు దొరికాడు, ఎక్కాయి.

ఈ కథ నేను ఇంటర్ చదివే రోజుల్లో మా మామ్మకి చెప్పాను. మామ్మ రేడియో తప్ప మరో యంత్రాన్ని నమ్మని మనిషి. అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, "మనవాడొకడున్నాడంటున్నావు కదరా, ఏవన్నాడు?" అంది.

"నమస్తే అన్నాడు మామ్మా. మా శుభాకాంక్షలు అన్నాడు."

"అంతేనా? అంతదూరం వెళ్ళి, భోజనాలయ్యాయా అని అడగలేదూ?"

నేను నవ్వాను. తరవాత పలకరింపుల జాబితా మొత్తం చదివితే తెలిసింది, ఆ ప్రశ్న నిజంగానే పళ్ళెం మీద వుంది! చైనా వాళ్ళ అమోయ్ మాండలికంలో మాట్లాడిన మనిషి, ఆకాశంలో వున్న స్నేహితుల్ని ఎలా వున్నారని అడిగి, భోంచేశారా అని కూడా అడిగి, తీరిక చూసుకుని మా ఇంటికి రమ్మని పిలిచింది. ఈ మాట చెబితే మామ్మ ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. "ఆవిడ సంసారం చేసిన మనిషి," అని తీర్పు చెప్పి మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

సంగీతం మాటకొస్తే మొత్తం 27 పాటలూ వాద్యాలూ. బాహ్ వున్నాడు, బీథోవెన్ వున్నాడు, చక్ బెర్రీ గిటారు వుంది. టెక్సాస్‌లో పేదరికంలోనే బతికి 1945లో పోయిన బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే కళ్ళులేని గాయకుడున్నాడు. సెనెగల్ డప్పులు, పెరూ పిల్లనగ్రోవులు, చైనా వీణ వున్నాయి. మన దేశం వంతు ఒక్కటే, కేసర్‌బాయి కేర్కర్ పాడిన "జాత్ కహాఁ హో", భైరవి రాగం, మూడున్నర నిమిషాలు. గోవాలో కేరి అనే పల్లెలో 1892లో పుట్టిన విదుషీమణి ఆవిడ. ఆ పాట పేరుకి అర్థం ఎక్కడికి వెళుతున్నావని. తిరిగిరాని ప్రయాణానికి ఇంతకన్నా తగిన ప్రశ్న వెతికినా దొరకదు. వాయేజర్-1 బయల్దేరిన పదకొండో రోజున, 1977 సెప్టెంబరు 16న, ఆవిడ కన్నుమూసింది.

ఈ పాట పేరు చెప్పినవాడు రాబర్ట్ బ్రౌన్ అనే సంగీత పరిశోధకుడు. ఆయన మన దక్షిణాది మృదంగం నేర్చుకుని, దాని మీదే డాక్టరేటు చేసినవాడు. ఆయన పుణ్యమా అని కర్ణాటక సంగీతం ఎక్కుతుందని ఎవరైనా అనుకుంటారు. ఎక్కలేదు. ఎక్కిన పాట రికార్డు అయినా చేతికి అందడం గగనమైంది. కేసర్‌బాయి రికార్డులు ఇచ్చింది తక్కువ. అవి బజార్లో దొరకడం మానేసి చాలాకాలమైంది. ఆన్ డ్రూయన్ వూరంతా గాలిస్తే, న్యూయార్కులో ఒక భారతీయ కుటుంబం నడిపే దుకాణంలో, బల్ల కింద విప్పని అట్టపెట్టెలో కాపీలు బయటపడ్డాయి. ఆ పెట్టెని అంతకు ముందే ఎవరైనా చెత్తలో పారేసి వుంటే ఏమయ్యేది? వంద కోట్ల సంవత్సరాలు నిలుస్తుందని లెక్కగట్టిన పళ్ళెంలో మన దేశానికి దొరికిన చోటు, ఒక బల్ల కింది అట్టపెట్టె మీద ఆధారపడింది.

ఇక చప్పుళ్ళు. వాన, పిడుగు, అగ్నిపర్వతం, సముద్రం అలలు, కీచురాళ్ళు, కప్పలు, పక్షులు, ఏనుగు, కుక్క, గుర్రబ్బండి, కమ్మరి సుత్తి, రంపం, రైలు, పసిబిడ్డ ఏడుపూ తల్లి ఓదార్పూ, నవ్వు, గుండె చప్పుడు. ఇవన్నీ వరసగా వింటే మన వూళ్ళోనే కూర్చున్నట్టుంటుంది. కప్పకి దేశం ఏముంది? శ్రావణమాసం రాత్రి మా చేలల్లో వినబడే కచేరీ అదే. ఎడ్లబండి లేదే అని మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాను.

అందులో మోర్స్ సంకేతాల చప్పుడు కూడా వుంది. తంతి ఆఫీసులో మా పెద్దవాళ్ళు విన్న కట్టు-కడ. మన దేశంలో టెలిగ్రాములే 2013 జూలైలో ఆగిపోయాయి. అంటే భూమ్మీద మూగబోయిన చప్పుడు ఆకాశంలో ప్రయాణిస్తూనే వుంది. యుద్ధాన్నీ, రోగాన్నీ, ఆకలినీ మాత్రం కావాలనే పళ్ళెం మీదికి ఎక్కించలేదు. మొదటి పరిచయంలోనే మన కష్టాలు ఏకరువు పెట్టడం మర్యాద కాదనుకున్నారేమో. అదే సంవత్సరం నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది, వేలమంది పోయారు. పళ్ళెం మీద అలల చప్పుడుంది. దివిసీమ విన్న అల మాత్రం అందులో లేదు.

వాయేజర్-1 2012 ఆగస్టులోనూ, వాయేజర్-2 2018 నవంబరులోనూ సూర్యుడి గాలి వీచే హద్దు దాటేశాయి. మొదటిది 2400 కోట్ల కిలోమీటర్లకు పైగా వెళ్ళిపోయింది. వెలుగే అక్కడికి చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. మరో నక్షత్రానికి కాస్త చేరువగా పోవాలంటే ఇంకో 40,000 సంవత్సరాలు కావాలి. ఆ కాస్త చేరువ కూడా ఒకటిన్నర కాంతి సంవత్సరాల పైమాటే. ఈ లెక్కలన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది. పంపినవాళ్ళకి, ఎవరో వింటారన్న ధీమా కన్నా, ఏం దాచుకోవాలో కూర్చుని ఎంచుకోవడమే అసలు పనైంది. వాళ్ళు లోకానికంతటికీ చేసిన ఆ ఎంపిక నా వూరికి చేయాల్సి వస్తే? ఇదీ నన్ను వదలని ప్రశ్న.

పోలవరం సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పాపికొండల మధ్య ఇరుగ్గా, ఒదిగొదిగి వచ్చిన గోదావరి, కొండలు దాటి వొళ్ళు విరుచుకునే చోట కుడిగట్టున వుంది మా వూరు. కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్టకి 42 కిలోమీటర్ల ఎగువన ఇప్పుడు మరో ఆనకట్ట లేచింది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. స్పిల్‌వేకి 48 గేట్లు. 2021 జూన్‌లో నదిని పాత దారి తప్పించి ఆ గేట్ల వైపు మళ్ళించారు. పూర్తిగా నింపితే 45.72 మీటర్ల మట్టానికి నీళ్ళు నిలుస్తాయి. ఎగువన వందలాది పల్లెలు ముంపులో వున్నాయి. వాటిలో ఎక్కువ కోయలవీ కొండరెడ్లవీ. ఆనకట్ట కట్టే చోటనే వున్న రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది లాంటివి ముందుగా ఖాళీ అయ్యాయి.

ప్రాజెక్టు కావాలా వద్దా అన్న తగువు ఈ వ్యాసంలో పెట్టను. నీళ్ళు ఎదురుచూసే రైతులు మనలో వున్నారు, ఇల్లు విడిచిన పిల్లలూ మనలో వున్నారు. మునిగిపోయే ఇంటికి లెక్క వుంది, చెట్టుకి లెక్క వుంది, పొలానికి లెక్క వుంది. చప్పుడుకి మాత్రం ఏ రికార్డులోనూ కాలమ్ లేదు.

నదికి గొంతెలా వస్తుంది? నీరు రాళ్ళకి ఒరుసుకుంటే వస్తుంది, వాలులో దూకితే వస్తుంది. అడ్డుకట్ట కట్టి మట్టం పెంచితే ఆ రాళ్ళు అడుగున పడతాయి, వాలు పోతుంది, నీరు నిలబడుతుంది. నిలబడ్డ నీరు మాట్లాడదు. పాపికొండల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు చీకట్లో కూడా ఏ మలుపులో వున్నారో నది చప్పుణ్ణి బట్టి చెప్పేవారు. గోదారి ఎర్రబడ్డ రాత్రి హోరు వేరు, వేసవిలో ఇసక తిన్నెల మధ్య గులకరింపు వేరు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరద చూసిన పెద్దవాళ్ళు ముందుగా చెప్పేది నీటి ఎత్తు గురించి కాదు, హోరు గురించి.

పోయిన చప్పుళ్ళకి ఆనకట్టే కారణమనీ కాదు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద 1900 నించి రైళ్ళు నడిచాయి. 1997లో ఆగాయి. పక్కన కొత్త వంతెనలున్నాయి, వాటి మోత వేరు. పాత ఇనప వంతెన మీద బండి వెళుతుంటే వచ్చే ఆ మోతా, ఆ మోతలో కిటికీ లోంచి గోదారమ్మకి వేసిన నాణెం ఇనప దూలానికి తగిలి 'టంగు'మనడం, ఆ రెండూ కలిసిన చప్పుడు మళ్ళీ పుట్టదు.

పునరావాస కాలనీలో ఒక భూమి పండగకి స్నేహితుడు పిలిస్తే వెళ్ళాను. డోళ్ళు వాయించారు, అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని మగవాళ్ళు ఆడారు, ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని రేలా పాడారు. అంతా వుంది. అయినా ఏదో తక్కువగా వుందనిపించింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు. "అక్కడ మేం ఒక దెబ్బేస్తే కొండ రెండోది వేసేదయ్యా." డోలు మనుషుల వెంట వచ్చింది, పాట వచ్చింది, ఆట వచ్చింది. కొండ రాలేదు. సిమెంటు గోడల మధ్య డోలు ఒంటరిగా మోగుతోంది.

ఆ రోజు నాకు మళ్ళీ పళ్ళెం గుర్తొచ్చింది. మన తెలుగాయన "తెలుగు మాట్లాడే జనం" అన్నాడు. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. కనక పేరంటాలపల్లిలో వెదురు చీల్చే కొండరెడ్డి కూడా ఆ పలకరింపులో వున్నాడు, తనకి తెలియకుండానే. కోయ భాష మాత్రం ఆ 55లో లేదు. హిట్టైట్ వుంది, కోయ లేదు! హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద 1945లో పెద్ద పుస్తకమే వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో భద్రంగా వున్నాయి. ఆ పుస్తకం పుణ్యాన వాళ్ళ ఇంటి కప్పు ఎలా వుండేదో మనకి తెలుస్తుంది. ఆ కప్పు కింద సాయంకాలం ఎలాంటి మాటలు వినబడేవో తెలియాలంటే, అవి గుర్తున్నవాళ్ళనే అడగాలి. గుర్తున్నవాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు. మా మామ్మా ఇప్పుడు లేదు. "భోజనాలయ్యాయా" అన్న ఆ గొంతు ఏ పళ్ళెం మీదా లేదు.

1977లో ఆ పని చేయడానికి ఒక దేశపు అంతరిక్ష సంస్థ కావాల్సి వచ్చింది, బంగారం కావాల్సి వచ్చింది. ఇప్పుడు మన హాస్టల్లో ప్రతి కుర్రాడి జేబులోనూ, ప్రతి అమ్మాయి చేతిసంచిలోనూ అంతకన్నా తేలిగ్గా పనిచేసే యంత్రం వుంది. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకి ఏటా ఏదో ఒక పల్లెకి వెళుతూనే వుంటాం. రోడ్డు బాగు చేస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి ఒక్కొక్కరం ఒక్క చప్పుడు తెద్దాం. తాత చెప్పే కోయ కథో, జోలపాటో, లాంచీ సరంగు రేవు దగ్గర వేసే కేకో, ఇంకా నీళ్ళు ఎక్కని వాగు గలగలో. ఆ మనిషిని అడిగి, వొప్పుకుంటేనే తెద్దాం. తెచ్చినదాన్ని ఫోనులో పడేసి మరచిపోకుండా, వాయేజర్ వాళ్ళు మూత మీద చెక్కినట్టే, ఎక్కడిది, ఎప్పటిది, ఎలా వినాలి అని పక్కన రాసి లైబ్రరీలో పెడదాం. ఆ మూడు ముక్కలూ లేని చప్పుడు కొన్నేళ్ళకి వుత్త రొద అయిపోతుంది.

నక్షత్రాల్లో వినేవాళ్ళున్నారో లేదో సాగన్‌కీ తెలియదు, మనకీ తెలియదు. మన చప్పుళ్ళు వినబోయేవాళ్ళు మాత్రం పుట్టేశారు. పునరావాస కాలనీల బళ్ళలో ఒకటో తరగతి, రెండో తరగతి చదువుతున్నారు. మా తాత డోలు కొడితే కొండ బదులు పలికేదట, నిజమేనా అని వాళ్ళు రేపు అడుగుతారు. వాళ్ళకి వినిపించడానికి మన దగ్గర ఒక్క దెబ్బైనా వుండాలి, దాని వెనకాలే కొండ వేసిన రెండో దెబ్బతో సహా. ముంపు అంచున ఇంకా కొన్ని పల్లెలు మిగిలి వున్నాయి. అక్కడి కొండలు ఇప్పటికీ బదులు పలుకుతున్నాయి.